పదకొండో పేజీలో అమ్మ

బడి కాడికెల్లి,
2 జూలై 2024

వదినా,

నేను మంచిగున్న. నువ్వు, అన్న, చిన్నది, అమ్మ, అమ్మ మోకాళ్లు, అందరు మంచిగున్నరనుకుంటాన. బడి తెరిచి ఇరవై రోజులైంది. ములుగు దాటినంక ఇంకో గంటన్నర బస్సుల కూసుంటే మా ఊరు, అటెనుక అంత అడివే. సిగ్నల్ కావాలంటే బడి ఎనుక గుట్టెక్కాలె. మొన్న ఎక్కి నీకు ఫోన్ చేస్తే 'హలో హలో' అని నువ్వు, 'వదినా వదినా' అని నేను. ఊరంత ఇన్నది, మనిద్దరమే ఇనలే. గందుకే కాయితం. పొద్దుగాల బస్సు డ్రైవర్‌కిస్తే ములుగుల పోస్టు డబ్బాల ఏస్తాండు, మంచోడు.

మన బొమ్మల పుస్తకానికి 'మా ఇంట్ల ఎవరెవరు' అని పేరు పెట్టినందుకు ఓంప్రకాశ్ సార్ ఖుషీ అయిండట గద, అన్న చెప్పిండు. చిన్న ప్రెస్ పెట్టుకొని పిల్లల పుస్తకాలే ఏస్తానంటే హన్మకొండల అందరు ఆయనను చూసి నవ్విన్రు. నవ్వనీ. బడి పుస్తకాలల్ల ఇల్లంటే అమ్మ, నాన, ఓ పోరడు, ఓ పోరి, ఓ పూలకుండీ. మా క్లాసుల ఇరవై ముగ్గురున్నరు, అసొంటి ఇల్లు ఒక్కలకు లేదు. పూలకుండీ అసలే లేదు.

మన ఒప్పందం యాదున్నది గద? పిల్లలు చెప్పిన మాట నేను ఉన్నదున్నట్టు రాసి పంపుత. నువ్వు ఫొటో చూడొద్దు, ఊరు చూడొద్దు, మాట చదివి గియ్యాలె. గీసినంక ఆ పేజీ మళ్ల మా బడికొస్తది. శనివారం పిల్లలు, ఇంటోళ్లు చూసి తప్పులు పడ్తరు. తప్పులు పట్టుట్ల మా వాళ్లు తనిఖీకొచ్చిన ఆఫీసర్లను మించుతరు, ముందే చెప్తాన.

ఆఖరి రెండు పేజీల మాటలు ఇవి.

తిరుమల, మూడో తరగతి పిల్ల: "మా ఇంట్ల అమ్మమ్మ, నేను. ఎండకాలం అడివికి పోయి ఇప్పపువ్వు తెస్తం. అమ్మమ్మ గంప నింపుతది. నేను చెట్టు కింద నిద్రపోత."

సౌమ్య, రెండో తరగతి: "పొద్దుగాల లేవంగనే అమ్మ నాకు జడలేస్తది. అద్దంల ఇద్దరం కనవడ్తం. తాత బయట మంచంల దగ్గుతడు." గంతే చెప్పి ఆటకు ఉరికింది.

అమ్మకు చెప్పు, మోకాళ్లకు నేను తెచ్చిచ్చిన నూనె రాసుకోవాలె గని అల్మారల దాచిపెట్టుకోవద్దని.

నీ ఆడిబిడ్డ
సుకన్య


కాజీపేట,
19 జూలై 2024

సుకన్యకు,

దేవుని కృప నీకు, నీ ఇరవై ముగ్గురికి తోడుండాలె. నీ కవరు వానకు తడిసి వచ్చింది. అయినా అక్షరాలు బతికినయి.

బడిల డ్రాయింగ్ క్లాసులు నాలుగింటికి అయిపోతయి. ఇంటికొచ్చి చాయ్ తాగి బొమ్మల ముందర కూసుంట. అత్తమ్మ నా పక్కనే చింతపండు గింజ తీసుకుంట కూసుంటది. "ఆ ముసలామె ముక్కు గట్లెందుకున్నది?" అంటది. ముక్కు సరిచేస్తే "ఇప్పుడు నా లెక్కనే ఉన్నది, తీసెయ్" అంటది. నూనె సంగతి చెప్పిన. "ఐపోతే మళ్ల ఎవరు తెస్తరు" అని దాస్తాందట.

నాలుగో పేజీల, ఇక్కడి పిల్లల మాట మీద, మా వాడల ఫ్రాన్సిస్ తాత ఇల్లు గీసిన గద. వాళ్లు క్యాథలిక్కులు, వాకిట్ల మరియమ్మ గూడు ఉంటది. మేం ప్రొటెస్టెంట్లం, మాకు గూళ్లు ఉండయి. నేను గూడుకు పచ్చరంగు వేసిన. తాత చేతికర్ర పట్టుకొని ఇంటిదాక వచ్చి, "అమ్మా, ముప్పై ఏండ్ల సంది దానికి నేనే నీలిరంగు వేస్తాన" అని చెప్పి, చాయ్ గూడ తాగకుండ పోయిండు. నీలిరంగు వేసిన. రోజు దాని ముందరికెల్లే బడికి పోత, చూడనే లేదు చూడు.

పదకొండో పేజీ, సౌమ్యది, అన్నిట్లకు నాకిష్టమైంది. మా చిన్నదాన్ని ముందర కూసోబెట్టుకొని, జడ వేసుకుంట, అద్దంల చూసుకుంట గీసిన. ఆ అమ్మ మొఖం కొంచెం నాదే అయింది, ఏమనుకోకు. జడ వేసేటప్పుడు రబ్బరు బ్యాండ్ పండ్లతోని పట్టుకుంటం చూడు, అది గూడ గీసిన. చిన్నది నలభై నిమిషాలు కదలకుంట కూసున్నది, దానికి లంచం రెండు ఐస్‌క్రీములు.

పేజీలన్ని ఈ కవర్ల ఉన్నయి. తప్పులు పట్టమను, నాకేం భయం లేదు.

మీ వదిన
షారోన్


బడి కాడికెల్లి,
3 ఆగస్టు 2024

వదినా,

డ్రైవర్ హారన్ కొడ్తాండు, జల్ది జల్ది రాస్తాన.

ఇయ్యాల శనివారం, పేజీలన్ని వరండాల పరిచి చూసినం. ఏం నవ్విన్రు వదినా! ఇప్పపువ్వు పేజీల అమ్మమ్మ చెట్టెక్కి పువ్వు తెంపుతాంది గద, అగో అక్కడ. ఇప్పపువ్వు ఎవరు తెంపరు, అదే రాలుతది, కింద ఏరుకోవాలె. "మా అమ్మమ్మ కోతి లెక్క చెట్టెక్కిందా" అని తిరుమల కిందపడి పొర్లింది. ముసలామె గూడ నవ్వింది, నోట్ల పండ్లు లేవు పాపం. ఇంకోటి, కోడిపెట్టకు పుంజు తోక పెట్టినవ్.

పదకొండో పేజీల అమ్మకు బొట్టు లేదు. సౌమ్య వాళ్లమ్మ యమున చూసి మొఖం మాడ్చుకొని పోయింది. జర బొట్టు పెట్టు వదినా, ఒక్క చుక్కనే గద, నీకెంత సేపు. మిగతాదంత మస్తున్నది. ఆ రబ్బరు బ్యాండ్ చూసి అమ్మలందరు "అగో, మనమే" అన్నరు.

డ్రైవర్ దిగి వస్తాండు. ఉంట.

సుకన్య


కాజీపేట,
12 ఆగస్టు 2024

సుకన్యకు,

ఇప్పపువ్వు కింద పోసిన. అమ్మమ్మను చెట్టు దింపిన. కోడి తోక కత్తిరించిన.

చుక్క పెట్టను.

'ఒక్క చుక్కనే గద' అని రాసినవ్. ఈ మాట నేను ఇదివరకు విన్న. మా పెండ్లయిన రెండో నెలల మీ పెద్దనాన బిడ్డ పెండ్లికి పోయినం. అక్కడ దిగిన ఫొటో పటం కట్టించి మీ ఇంట్ల ముందటి అర్రల తగిలేసిన్రు. అందుల నా నొసటికి ఎర్ర బొట్టున్నది. నేను ఆ రోజు బొట్టు పెట్టుకోలే. ఏ రోజూ పెట్టుకోలే. ఫొటో స్టూడియోల కంప్యూటర్ మీద పెట్టించిన్రు. ఇదేందని అడిగితే 'ఒక్క చుక్కనే గద వదినా' అన్నరు. ఎవరన్నరో నాకు యాదున్నది. నేను ఇంకో మాట అనలే. పన్నెండేండ్లు ఆ పటం కింద కూసొనే అన్నం తిన్న, వచ్చినోళ్లకు చాయ్ పోసిన.

పైన 'మీ ఇంట్ల' అని రాసిన, 'మన ఇంట్ల' అని రాయాల్సింది. ఇయ్యాల చెయ్యి వస్తలేదు.

మిగతా పేజీలల్ల బొట్టున్న ఆడోళ్లు తొమ్మిది మంది ఉన్నరు. బురఖా వేసుకున్న నానమ్మ ఉన్నది. వాళ్లను చూసి ఎవరి మొఖం మాడలే. ఒక్క అమ్మ ఉత్త నొసటితోని కనవడ్తే మీ ఊరోళ్లకు కండ్లల్ల పడ్డదా? అన్ని తీర్ల ఇండ్లు ఒక్క పుస్తకంల ఉండాలె అని నువ్వే ఓంప్రకాశ్ సార్ ముందర బల్ల గుద్ది చెప్పినవ్. అందుల నా అసొంటి మొఖానికి జాగ లేదా?

కోపంల రాసిన అనుకోకు. రెండు రోజులు ఆగి రాసిన.

షారోన్


బడి కాడికెల్లి,
4 సెప్టెంబర్ 2024

వదినా,

వాగు పొంగి పదిహేను రోజులు బస్సు రాలే. నీ కాయితం నిన్ననే చేతికొచ్చింది. నాలుగు పార్లు చదివిన. మొదటిపారి కోపమొచ్చింది. రెండోపారి సిగ్గయింది. అటెనుక ఏడ్చిన.

ఆ ఫొటో స్టూడియోకు తీస్కపోయింది నేనే. అమ్మ పంపింది నిజమే గని, స్టూడియో ఆయన ఏ రంగు అని అడిగితే "ఎరుపు, జర పెద్దగ" అన్నది నేను. నాకప్పుడు ఇరవై రెండేండ్లు. నిన్ను మా లెక్క చేస్తే నువ్వు మాదానివైతవనుకున్న. నువ్వు అడిగిన్నాడు నవ్వుకుంట జవాబు చెప్పిన, నీ మొఖం చూడలే. తప్పు నాది వదినా. పన్నెండేండ్లు నువ్వు లోపల పెట్టుకున్నవ్, నాకు ఒక్కనాడు తోచలే చూడు, గదే నాకు మస్తు బాధైతాంది.

గని పదకొండో పేజీ ముచ్చట వేరు. బస్సు తొందరల సగం రాసి నిన్ను నొప్పించిన. ఇప్పుడు మొత్తం చెప్త, కూసొని చదువు.

సౌమ్య వాళ్ల నాన పేరు పవన్. మూడేండ్ల కింద బోరు బండి మీద కూలికని కర్ణాటక దిక్కు పోయిండు. ఎనిమిది నెలలు ఫోన్లు చేసిండు. అటెనుక ఫోన్ లేదు, మనిషి లేడు. బండి ఓనర్‌ను అడిగితే పని ఇడిశిపెట్టి ఎటో పోయిండన్నడు. పోలీస్ స్టేషన్ల రాసిచ్చిన్రు, అదీ అట్లనే ఉన్నది. పోయిన ఏడాది సంది ఊరోళ్లు ఆయన లేడనే మాట్లాడుతాండ్లు. యమున ఒప్పుకోదు. "పీనుగను చూపెట్టున్రి, నా గాజులు నేనే తీస్త" అంటది. రోజు తానం చేసి, బొట్టు పెట్టుకొని, మిర్చి చేన్లకు కూలికి పోతది.

ఆమె మామ కట్టయ్య చెడ్డోడు గాదు. నాతోని ఏమన్నడో ఇను. "టీచరమ్మా, కొడుకు సచ్చిండో బతికిండో తెల్వకుంట రెండేండ్లు దాటె. నాకు ఏడ్వనీకి గూడ లేదు. ఏడిస్తే కోడలు కొట్లాటకొస్తది, బతికున్నోనికి ఏడుస్తానవా అని. దినాలు చేస్తే ఒక్కపారి ఏడ్చి ఊకుంట."

ఆ శనివారం ఆయన గూడ బడికొచ్చిండు. పదకొండో పేజీ కాడ శానసేపు నిలవడ్డడు. మనుమరాలు, అద్దం, బయట మంచంల తను, నొసలు మీద ఏం లేని కోడలు. నువ్వెవరో, నువ్వు బొట్టు పెట్టుకోవని వాళ్లకేం తెల్సు? "ఓరుగల్లుల చదువుకున్నోళ్లు గీసిన్రు, తెల్వక గీస్తరా? పుస్తకంలనే పడ్డది ఇగ" అన్నడు. ఆయన పుస్తకం చదవలేడు గని పుస్తకం అబద్ధమాడదని నమ్ముతడు. ఆ మాట ఊరంత అందుకున్నది. అక్టోబర్ రెండు పెత్రమాస. ఆ లోపల పీనుగకు బదులు గడ్డిబొమ్మ చేసి కాలవెట్టి, దినాలు పెట్టి, పెత్రమాస నాడు సచ్చిపోయినోళ్లకు ఇచ్చినట్టే కొడుకు పేరు మీద బియ్యమిస్త అంటాండు. దినాలు పెడ్తే యమున బొట్టు, గాజులు తీస్తరు.

ఆ రోజు సంది యమున సౌమ్యను బడికి తోలుతలేదు. ఇంటికి పోతే గడప కాడనే నిలబెట్టి "మీ పుస్తకమే నా గాజులు తీసింది టీచర్" అన్నది.

నీ నొసలు నీది వదినా. దాని మీద ఎవరు చుక్క పెట్టొద్దు, ఇగ నేను పెట్టనియ్య. గని ఈ పేజీల ఉన్నది యమున నొసలు. ఏం చేద్దామో నువ్వే చెప్పు.

సుకన్య


కాజీపేట,
5 సెప్టెంబర్ 2024

సుకన్యకు,

నెల కావస్తాంది, నీ జవాబు లేదు. నారాజైనవని అర్థమైంది. వానలని, వాగు పొంగిందని పేపర్ల చూసిన. నువ్వు మంచిగుంటే చాలని రోజు ప్రార్థనల అడుగుతాన.

ఇంట్ల ఒకటి జరిగింది. మొన్న అత్తమ్మను పటం కాడికి పిలిచి "ఇందుల నాకు బొట్టెవరు పెట్టించిన్రు?" అని అడిగిన. కండ్లద్దాలు పెట్టుకొని దగ్గరికి పోయి చూసింది. "నువ్వే పెట్టుకున్నవ్ గావచ్చు, పెండ్లి గద" అన్నది. పన్నెండేండ్లు నేను మోసినదాన్ని ఆమె మరిచేపోయింది. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. మీ అన్నకు చెప్తే ఆయన నవ్విండు, ఆ రోజు ఆయనకు అన్నం నేను పెట్టలే.

ఆలోచించి ఓ నిర్ణయం తీసుకున్న. ఒక్క బొమ్మ కోసం మన ఇద్దరి మధ్య మాటలు ఆగిపోవద్దు. పదకొండో పేజీ మొత్తం తీసేద్దాం. ఓంప్రకాశ్ సార్‌కు చెప్పిన, "మంచి పేజీ అమ్మా" అని రెండుసార్లు అన్నడు గని ఒప్పుకున్నడు. బొట్టు పెట్టినట్టు గాదు, పెట్టనట్టు గాదు. ఆ పిల్ల మాట బాగుండె, బాధైతాంది. వేరే పుస్తకంల పెడ్దం.

యమునకు చెప్పు, ఆమె మనసు నొచ్చుకునే బొమ్మ ఇగ ఎక్కడ ఉండదని.

షారోన్


బడి కాడికెల్లి,
13 సెప్టెంబర్ 2024

వదినా,

నా కాయితం, నీ కాయితం దారిల ఎదురుపడి పలకరించుకోకుంటనే పోయినట్టున్నయి. నాది ఇప్పటికి నీకు అంది ఉంటది. నీ మీద నారాజ్ లేదు. అన్నకు అన్నం పెట్టకపోవుడు మంచిగైంది.

నువ్వు చెప్పినట్టే పేజీ తీసేసినం అని పోయి యమునకు చెప్పిన, ఆమె పానం తేలికైతదనుకున్న. ఆమె నా దిక్కు చూసి లోపలికి పోయింది. మంచంలకెల్లి కట్టయ్యనే అన్నడు, "నా కొడుకు ఇల్లు పుస్తకంల గూడ లేకపాయె" అని. పేజీ ఉన్నా తప్పే అయింది, తీసినా తప్పే అయింది. మొఖం ఏలాడేసుకొని ఇంటికొచ్చిన.

తెల్లారి బడి తెరిచేసరికి సౌమ్య ఒక్కతే గేటు కాడ నిలవడ్డది. అమ్మకు చెప్పకుంట వచ్చిందట.

"టీచర్, నా పేజీ ఎందుకు తీసిన్రు? అందుల తప్పు లేదు గద" అన్నది.

"మీ అమ్మకు బొట్టు లేదు గద బిడ్డా" అన్న.

"పొద్దుగాల ఉండది టీచర్."

"ఎందుకుండది?"

ఇంత తెల్వదా అన్నట్టు నా దిక్కు చూసింది. "రాత్రి పండేటప్పుడు తీసి అద్దానికి అంటిస్తది. పొద్దుగాల నాకు జడలేసి, తానం చేసి, అప్పుడు పెట్టుకుంటది. జడలేసేటప్పుడు అమ్మ గట్లనే ఉంటది. అప్పుడు నేనొక్కదాన్నే చూస్త."

మళ్ల తనే అన్నది. "గీసిన ఆమె అమ్మను మంచిగనే గీసింది టీచర్. అద్దం మీద బొట్టు మరిచింది. గదొక్కటే తప్పు."

వదినా, మనం ఎంత పిచ్చోళ్లం! నువ్వు, నేను, ఓంప్రకాశ్ సార్, ఊరంత కలిసి నెల దినాలు నొసలు మీదనే కొట్లాడినం. ఆ మాట చెప్పిన పిల్లను ఎవరం అడగలే. పదేండ్ల సంది పంతులమ్మను, నాకైన సోయి ఉండద్దా? నేను గూడ రోజు పొద్దుగాల అద్దం మీదికెల్లే తీసి పెట్టుకుంట గద, ఆ బొట్టుబిళ్ల!

నువ్వు గీసిన మొఖం మీద ఒక్క గీత మార్చకు. అద్దం మార్చు. పెత్రమాసకు ఇంక పంతొమ్మిది రోజులున్నయి. పోస్టుల ఎయ్యకు, అన్నను హన్మకొండ బస్టాండ్ల ములుగు బస్సు డ్రైవర్ చేతికియ్యమను. ములుగుల మా డ్రైవర్ తీసుకుంటడు, మాట్లాడి పెట్టిన.

సుకన్య


కాజీపేట,
22 సెప్టెంబర్ 2024

సుకన్యకు,

నీ రెండు కాయితాలు అందినయి. ఆ బొమ్మ చూసి యమునకు ఎట్లయి ఉంటదో నాకు తోచనే లేదు. నా నొసటికి నన్ను అడగకుంట పెట్టిన్రని పన్నెండేండ్లు బాధపడ్డ. ఆమె నొసటిది ఆమెను అడగకుంట నేనే తీసేసిన. నువ్వు తప్పు ఒప్పుకున్నవ్, నేను గూడ ఒప్పుకుంటాన. పటం సంగతి ఇగ మనిద్దరి మధ్య లేదు.

అద్దం గూడ మా ఇంట్ల అద్దమే చూసి గీసిన, అదే తప్పు. మా అమ్మ ఇంట్ల అద్దానికి పగులు తప్ప ఇంకేం ఉండకపోయేది. ఇక్కడ నువ్వు సెలవులకొచ్చి పోయినప్పుడల్లా నీ బిళ్లలు అద్దానికి అంటి ఉంటయి. తుడిచేటప్పుడు గోరుతోని గీకి పారేస్త. ఇన్నేండ్లు గీకిన గని గియ్యాలని తోచలే.

ఎంత పెద్దగ ఉండాలె, ఎక్కడ ఉండాలె తెల్వక అత్తమ్మను అడిగిన. సౌమ్య ముచ్చట మొత్తం చెప్పిన. చింతపండు పక్కన పెట్టింది. "ఒక్కటే పెట్టకు. పక్కన బంక పోయినయి రెండు పెట్టు, ఎవరు పారెయ్యరు. ఆమె కండ్లకు సమానంగ పెట్టు, వంగకుంట అందాలె" అన్నది. మెరూన్ రంగు గూడ ఆమెనే చెప్పింది.

అటెనుక నేను అడగకుండనే చెప్పింది. "మీ మామ పోయినంక నా బిళ్లలు ఏడాది అద్దానికే ఉండె. తీయబుద్ధి గాలే. సున్నమేసినప్పుడు ఎవరో తీసిన్రు. మళ్ల నువ్వొస్తివి. నాకెట్లా లేదు, ఇంట్ల కోడలికైన ఉంటే మంచిగుండు అనుకున్న. ఫొటోల పెట్టించింది నేనే. మొన్న అడిగితే సిగ్గయి తెల్వదన్న." ఇంత చెప్పి మళ్ల చింతపండు ముందరేసుకున్నది. నేను లేచి ఆమె పక్కన కూసొని గింజలు తీసిన.

మీ అమ్మ నూనె సీసా మూత తీసింది. దేవునికి స్తోత్రం.

పేజీ ఈ కవర్ల ఉన్నది. అమ్మ మొఖం ముట్టలే. యమున ఒప్పుకుంటేనే పుస్తకంల ఉంటది. ఆమె వద్దంటే చింపి పారెయ్యి, నేను ఏమనుకోను. ఆమె ఒప్పుకునేదాక అచ్చు ఆపమని ఓంప్రకాశ్ సార్‌కు చెప్పిన.

నీ వదిన
షారోన్


బడి కాడికెల్లి,
2 అక్టోబర్ 2024, పెత్రమాస

వదినా,

దసర సెలవులు మొదలైనయి గని సద్దుల బతుకమ్మ దాక ఈడనే ఉంటాన, తిరుమల వాళ్ల అమ్మమ్మ పోనియ్యనన్నది. రేపటి బస్సుకు ఈ కాయితమిస్త. ఇది ఎదురుంగ కూసొని చెప్తే నాతోని గాదు.

పేజీ గురువారం అందింది. ముందుగాల యమున ఇంటికే తీస్కపోయిన. గడప కాడ నిలవడి, లోపలికి రమ్మనలేదు గద అని అక్కడికెల్లే చూపెట్టిన. నొసలు చూసి మళ్ల మొఖం తిప్పుకోబోయింది. సౌమ్య ఉరికొచ్చి అద్దం మీద వేలు పెట్టి "అగో అమ్మా" అన్నది. యమున పేజీ చేతుల్లకు తీసుకున్నది. "బంక పోయినయి గూడ ఏసింది టీచర్" అని నవ్వింది వదినా, నవ్వుకుంటనే కొంగు కండ్లకు పెట్టుకున్నది. నన్ను లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. వాళ్ల అద్దం చూసిన. మన అమ్మ చెప్పినట్టే బంక పోయినయి ఉన్నయి, గని రెండు గాదు, ఆరు.

శనివారం బడిల అందరి ముందర పెట్టినం. అమ్మలు చూసుడుతోనే "ఇంక తానం కాలే ఆమెకు" అన్నరు, గంతే, ఇంకో మాట లేదు. కట్టయ్య ఆఖరికి వచ్చిండు. మనుమరాలిని పక్కన నిలబెట్టుకున్నడు.

"ఇది ఎప్పుడు బిడ్డా?"

"పొద్దుగాల తాతా. నువ్వు దగ్గుతానవ్ చూడు."

"మళ్ల పెట్టుకుంటదా?"

"పెట్టుకోదా మరి!" అన్నది సౌమ్య, తాతను కోపం చేసినట్టు.

ఆయన ఇంటికి పోయిండు. గడ్డిబొమ్మ ముచ్చట ఆదివారం ఎవరు ఎత్తలే, సోమవారం ఎత్తలే. నేను మాత్రం ఇయ్యాల్టిదాక పానం బిగబట్టుకొని ఉన్న.

ఇయ్యాల పొద్దుగాల బియ్యమిచ్చేటందుకు అయ్యగారు వాడకొచ్చిండు. కట్టయ్య వాకిట్ల చాపేసి, చేటల బియ్యం, కూరగాయలు పెట్టుకొని కూసున్నడు. నన్ను గూడ పిలిచిన్రు. యమున తలుపు కాడ నిలవడ్డది, ఈ చెయ్యితోని ఆ చేతి గాజులు గట్టిగ పట్టుకున్నది.

"ఎవరి పేరు మీద?" అన్నడు అయ్యగారు.

"మా నాయన" అని పేరు చెప్పిండు. "మా అవ్వ" అని పేరు చెప్పిండు.

"ఇంకా?"

కట్టయ్య చేట దిక్కు చూసిండు. చేటల మూడోది గూడ పోసి ఉన్నది వదినా, మూడు పోగులు నేను చూసిన. ఆ మూడో పోగును రెండు చేతులతోని దగ్గరికి తీసి, పక్కకున్న రెండిట్ల కలిపిండు.

"ఇంకెవరు లేరు. ఇద్దరే" అన్నడు.

అయ్యగారు బియ్యం కట్టుకొని పోయినంక ఆయన చాప మీదికెల్లి లేవలే. భుజాలు కదిలినయి. ఒక్కసారి గొంతు పెట్టి ఏడ్చిండు, వాడంత ఇనేటట్టు. అటెనుక భయపడి, కోడలు దిక్కు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. యమున తలుపు కాడికెల్లి వచ్చి ఆయన పక్కన చాప మీద కూసున్నది. నోటి మీది చెయ్యిని తనే తీసింది.

"ఏడువు మామా" అన్నది. "ఏడిస్తే సచ్చినట్టేం గాదు."

ఇద్దరు ఏడ్చిన్రు వదినా. మూడేండ్లల్ల ఇద్దరు కలిసి ఏడ్చుడు ఇదే మొదలు. నేను సౌమ్యను తీసుకొని బతుకమ్మ పూలకు పోయిన.

పేజీ అచ్చుకు పంపుమన్నది యమున.

సుకన్య